శాసనహరుడు అవధ్యుడు

పలమనేరుకు పది పండ్రెండు కిలోమీటర్ల దూరమున, కౌండిన్య అరణ్యపు అంచున, మా బంధువుల గ్రామమొకటి గలదు. గడచిన పుష్యమాసములో నేనక్కడ రెండు దినములు ఉన్నాను. రెండవనాటి వేకువన ఏనుగుల గుంపొకటి ఊరి పడమటి పొలములలోనికి దిగినది. తెల్లవారి చూచునప్పటికి కోతకు వచ్చిన వరి ఒక మడిలో చాపవలె నేలకు అంటుకొని యున్నది. గట్టు మీది అరటిచెట్లు చీలికలైనవి. బోరు దగ్గరి పైపులు విరిగి నీరు కాలువ కట్టినది. ఆ రైతు మాటాడక గట్టుపై కూర్చుండి పోయినాడు.

మధ్యాహ్నమునకు అటవీ సిబ్బందిలో చిరుద్యోగి ఒకరు మోటారుసైకిలుపై వచ్చినారు. వెంట దినకూలిపై పనిచేయు ట్రాకరు కుర్రవాడు. టేపు పరచి కొలిచి, ముప్పదియెనిమిది సెంట్లని పుస్తకములో వ్రాసికొన్నారు. రైతు లెక్కలో అది అర ఎకరమునకు పైమాట. మాటకు మాట పెరిగినది. అంతవరకు మౌనముగా నిలిచిన రైతు కుమారుడు ఒక్కసారిగా ఆ పుస్తకమును లాగి బురదలో పడవైచి, ఉద్యోగి రొమ్ముపై రెండు చేతులు వేసి వెనుకకు నెట్టినాడు. ఆయన తడిమడిలో వెల్లకిల పడినారు. నలుగురు పరుగెత్తి అడ్డు నిలిచినారు. వారిలో ఒక అవ్వ ఆ యువకుని చేయి పట్టుకొని అన్నది: "ఆయప్ప ఏం జేస్తాడు నాయనా? ఏనుగుల్ని ఆయప్పేమన్నా తోలుకొచ్చినాడా? పైనోళ్ళు కొల్చుకొని రమ్మంటే వచ్చినాడు."

ఆ అవ్వ అక్షరములు నేర్చినది కాదు. అయినను ఆమె పలికినది, సుందరకాండలో విభీషణుడు రావణసభలో పలికిన న్యాయమే. పరుల మాటను మోసికొని వచ్చినవాడు పరాధీనుడు. అతనిపై కోపము అస్థానమందలి కోపము. కోపమున్నచో పంపినవారిపై చూపవలెను. ఇంటికి వచ్చిన పిదప కూడ ఆ మాట నన్ను విడువలేదు. ప్రభుత్వోద్యోగులపై విధి నిర్వహణలో జరుగు దాడులను నివారించుటకు ప్రత్యేక శాసనము కావలెనని ఉద్యోగ సంఘములు చాలకాలముగా కోరుచున్నవి. ఆ కోరికను మన రాజధర్మ చింతన యొక్క వెలుగులో పరిశీలించవలెనని ఈ వ్యాసము.

రావణసభలోని ఘట్టమును సాధారణముగా మనము "దూతను చంపరాదు" అను ఒక్క సూత్రముగా కుదించి చెప్పుకొందుము. కాని వాల్మీకి చూపినది అంతకంటె సూక్ష్మమైనది. హనుమ రావణుని దృష్టిలో నిరపరాధి కాడు. అశోకవనమును భంగము చేసినాడు. అక్షకుమారుని, మంత్రిపుత్రులను వధించినాడు. విభీషణుడు దీనిని కాదనలేదు. ఇతడు శత్రువేయని, చేసిన అప్రియము కొలతకు అందనిదని స్పష్టముగా అంగీకరించిన పిమ్మటనే, అయినను దూతవధను సత్పురుషులు ఒప్పుకొనరని చెప్పినాడు. అనగా దూతకు గల రక్షణ అతని సచ్చరిత్రపై ఆధారపడినది కాదు. అది అతడు నిలిచిన స్థానమునకు సంబంధించినది.

ఈ ఒక్క అంశమును గ్రహించినచో నేటి చర్చలో సగము కలత తీరును. ఉద్యోగిపై దాడి జరిగినదను వార్త వచ్చిన ప్రతిసారి వినవచ్చు మాట ఒకటున్నది: "వాళ్ళు మాత్రము తక్కువ తిన్నారా? లంచము ముట్టనిదే కాగితము కదలదు కదా." ఆ మాటలో సత్యము లేదని నేననను. నేను కూడ ఒక కార్యాలయపు మెట్లు ఒక చిన్న ధ్రువపత్రము కొరకు ఏడుసార్లు ఎక్కినవాడనే. కాని ఆ సత్యము ఈ ప్రశ్నకు సమాధానము కాదు. ఉద్యోగి దోషియైనచో ఆ దోషమునకు విచారణ వేరు, దండన వేరు, దండించు అధికారి వేరు. కిటికీకి ఈవల నిలిచినవాని చేయి ఆ అధికారి కాజాలదు. దాడికి గురియైనవాడు మంచివాడా చెడ్డవాడా అని విచారించి పిదప రక్షణ ఇచ్చు శాసనము శాసనమే కాదు. అది రావణుని మొదటి ఆజ్ఞకు మారురూపము.

రావణుడు విభీషణుని మాట విన్నాడు కూడ. అయితే ఎట్లు విన్నాడు? వధ కూడదన్నారు గనుక తోకకు నిప్పంటించుమన్నాడు. దూతను చంపరాదు గాని, అంగములను వికృతము చేయుట, కొరడాతో కొట్టుట, తల గొరుగుట వంటి ఇతర దండనలు కలవని విభీషణుడే చెప్పియున్నాడు కదా! నాకు ఆ ఘట్టమున ఎప్పుడును తట్టునది ఇదియే. రక్షణను ప్రాణమాత్రమునకు కుదించినచో మిగిలిన దేహమంతయు క్రోధమునకు క్రీడాస్థలమగును. నేడు మన దేశమున జరుగుచున్నది దాదాపు ఇదే. ప్రాణము పోయినప్పుడు పత్రికలు, సంతాపములు, కొవ్వొత్తులు. చెంపదెబ్బకు, చొక్కా పట్టి లాగుటకు, మహిళా ఉద్యోగిని ఆమె తల్లిని ఎత్తి తిట్టుటకు మాత్రము "పోనీలేప్పా, కోపంలో చేసినాడు" అను ఒక్క సమాధానము.

దూతలను కౌటిల్యుడు మూడు తెగలుగా విభజించినాడు. స్వతంత్రించి నిర్ణయము చేయగలవాడు నిసృష్టార్థుడు; ఇచ్చిన హద్దులలో మాత్రమే మాటాడువాడు పరిమితార్థుడు; వ్రాసి ఇచ్చిన ఆజ్ఞను చేర్చుట తప్ప వేరొక అధికారము లేనివాడు శాసనహరుడు. ఈ విభాగమును మన పాలనా యంత్రాంగమునకు అన్వయించి చూడుడు. పరిహారపు రేటును నిర్ణయించువారు, భూమి రికార్డుల విధానమును మార్చువారు, బస్సుల సంఖ్యను తగ్గించువారు, విద్యుత్తు చార్జీలను పెంచువారు నిసృష్టార్థులు. వారి గదుల ముందు కాపలా ఉండును. టేపు పట్టి పొలమునకు వచ్చువాడు, బకాయి పడిన ఇంటికి ఫ్యూజు తీయవచ్చినవాడు, నిండిన బస్సులో టికెట్టు కొట్టు కండక్టరు, ఆసుపత్రిలో రాత్రివేళ మంచములు ఖాళీ లేవని చెప్పవలసిన నర్సు, వీరందరు శాసనహరులు. నిర్ణయము ఎవరిదో వారికి దెబ్బ తగలదు. నిర్ణయమును వినిపించిన నోటికి తగులును.

అర్థశాస్త్రములోనే మరియొక మాట గలదు. సమాజము అట్టడుగున నిలిపినవాడు దూతగా వచ్చినను అవధ్యుడే, ఏలయన అతడు పలుకునది పరుని వాక్యము. శాంతిపర్వమున భీష్ముడు మరియొక అడుగు ముందుకు వేసినాడు: దూతను చంపిన రాజు తన మంత్రులతో సహా నరకమున పడునని. మంత్రులతో సహా అనుట గమనింపదగినది. దూతపై పడిన దెబ్బ ఒక్కని పాపముగా లెక్కకు రాదు; దానిని జరుగనిచ్చిన వ్యవస్థ అంతయు అందులో భాగస్వామి. ఇక్కడ ఒక ఆక్షేపము రావచ్చును. దూత పరరాజు పంపగా వచ్చినవాడు. ఉద్యోగి మన ప్రభుత్వపు మనిషి. పోలిక ఎట్లు కుదురును? నా సమాధానమిది: ప్రజాస్వామ్యమున ఉద్యోగి ఉభయదూత. ఉత్తరువును క్రిందికి మోయును, అర్జీని పైకి మోయును. అతనిని కొట్టిన పౌరుడు తన అర్జీని తానే చింపివేసికొన్నవాడగును.

ఇక శాసనపు మాట. దానికి ముందు దాడులన్నియు ఒక్క జాతివి కావని తెలియవలెను. గీతలో భగవానుడు నరకమునకు ద్వారములుగా చెప్పిన మూడింటిలో క్రోధము, లోభము వేర్వేరు ద్వారములు. మన ప్రాంతపు ఘటనలను పరిశీలించినచో ఆ రెండు ద్వారములును స్పష్టముగా వేరుపడి కనబడును.

2019 నవంబరు 4వ తేదీన హైదరాబాదు సమీపమున అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దారు విజయారెడ్డిని ఆమె కార్యాలయపు గదిలోనే, పట్టపగలు, ఒక వ్యక్తి పెట్రోలు పోసి నిప్పంటించి చంపినాడు. వివాదము భూమి పట్టా గురించినది. ఆమెను కాపాడబోయిన డ్రైవరు మరునాడు మరణించినాడు. నిప్పంటించినవాడు కూడ కాలిన గాయములతో కొద్ది దినములకే మరణించినాడు. ఆ వారములోనే కర్నూలు జిల్లా పత్తికొండలో తహసీల్దారు కార్యాలయమున అధికారి బల్లకు, అర్జీదారులకు నడుమ అడ్డముగా ఒక తాడు కట్టిరి. ఆ తాడును తలచుకొన్నప్పుడెల్ల నాకు దిగులు కలుగును. భయపడిన అధికారిణిని తప్పుపట్టుటకు మనసొప్పదు. కాని శాసనము నిలువవలసిన చోట తాడు నిలిచినది.

ఈ ఘటన క్రోధజనితము. తాను కూడ కాలిపోవుటకు సిద్ధపడి వచ్చినవానిని ఏడేండ్ల శిక్ష ఆపునా, పదేండ్ల శిక్ష ఆపునా? క్రోధము నుండి సమ్మోహము, దాని నుండి స్మృతిభ్రంశము, పిదప బుద్ధినాశము అని గీత చూపిన సోపానక్రమమున చివరి మెట్టు మీద ఉన్నవాడు సెక్షన్లు చదువడు. అతనిని మొదటి మెట్టు మీదనే ఆపవలెను. అనగా అతని అర్జీ ఎక్కడ ఉన్నదో, ఎందుకు ఆగినదో, ఎవరు ఆపినారో వ్రాతపూర్వకముగా అతని చేతికి రావలెను. ఆ హత్య జరిగిన మరుసటి యేడే తెలంగాణములో భూమి హక్కుల శాసనము మారినది, గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థ రద్దైనది, ధరణి వచ్చినది. 2025లో దాని స్థానమున భూభారతి వచ్చినది. పుస్తకములు మారినవి. అర్జీదారునికి "లేదు" అని చెప్పవలసిన మనిషి మాత్రము అదే కుర్చీలో కూర్చుండియున్నాడు.

లోభజనితము వేరు. 2015 జులైలో ముసునూరు తహసీల్దారు వనజాక్షి ఇసుక అక్రమ తవ్వకమును అడ్డగించబోయి దాడికి గురియైనారు. మన శేషాచలమున 2013 డిసెంబరులో ఎర్రచందనపు దొంగలు ఇద్దరు అటవీ అధికారులను చంపినారు. 2024 ఫిబ్రవరిలో అన్నమయ్య జిల్లా కె.వి.పల్లె మండలమున టాస్క్‌ఫోర్సు కానిస్టేబులును వాహనముతో గుద్ది చంపినారు. ఇక్కడ దాడి చేసినవారికి విన్నపములు లేవు. వారికి వినిపించు సమాధానమును లేదు. వారు లెక్క వేసికొని వచ్చినవారు. దుంగల ధర ఇంత, పట్టుబడు అవకాశమింత, కేసు ఎన్నేండ్లు సాగును, సాక్షులు ఎందరు నిలుతురు. ఇట్టివారి విషయమున దండమే ఔషధము. అయితే దండము ఎంత పెద్దదియను దానికంటె ఎంత నిశ్చితముగా పడుననునది ముఖ్యము.

ఇక్కడ ఒక్క క్షణము ఆగవలెను. అదే శేషాచలమున, చంద్రగిరి మండలములో, 2015 ఏప్రిల్ 7న తమిళనాడు నుండి వచ్చిన ఇరువది మంది కూలీలు పోలీసు కాల్పులలో మరణించినారు. చెట్లు కొట్టించిన ధనికులెవ్వరును వారిలో లేరు. దండము హద్దు తప్పినచో అది ప్రయోగించిన రాజునే కాల్చునని మనువు హెచ్చరించినది ఇట్టి స్థితులను గూర్చియే. ఉద్యోగుల రక్షణను కోరువారు ఆ దినమును మరువరాదు. లోభపు శాసనహరులు కూడ కూలివారే.

ప్రస్తుత శాసనమున ఏమున్నది? 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో 132వ సెక్షను ప్రకారము విధి నిర్వహణలో ఉన్న ప్రభుత్వ సేవకునిపై దౌర్జన్యమునకు రెండేండ్ల వరకు శిక్ష. 121వ సెక్షను ప్రకారము గాయపరచినచో ఐదేండ్ల వరకు, తీవ్రముగా గాయపరచినచో కనీసము ఒక యేడు, గరిష్ఠము పదేండ్లు. కేవలము అడ్డగించుటకు 221వ సెక్షను క్రింద మూడు నెలలు. కనుక శిక్షలు లేవనుట సరికాదు. గాయమునకు పాత శిక్షాస్మృతిలో మూడేండ్లుగా ఉన్నది ఇప్పుడు ఐదైనది కూడ.

వైద్యసిబ్బందికి వేరుగా శాసనమున్నది. ఉమ్మడి రాష్ట్రమున 2008లోనే వైద్యసేవకులపై, వైద్యసంస్థలపై హింసను నిరోధించు చట్టము వచ్చినది. మూడేండ్ల వరకు కారాగారము, ఏబదివేల వరకు జరిమానా. 2020 ఏప్రిల్‌లో కరోనా కాలమున కేంద్రము ఆర్డినెన్సు తెచ్చి, తీవ్రగాయమునకు ఆరు నెలల నుండి ఏడేండ్లు, దర్యాప్తు ముప్పది దినములలో, విచారణ ఒక సంవత్సరములో ముగియవలెనని విధించినది. అది అంటువ్యాధుల చట్టపు సవరణ; ఆ కాలమునకు, ఆ విధికి పరిమితము. 2023 మే 10న కేరళలో కొట్టారక్కర ఆసుపత్రిలో యువవైద్యురాలు వందనాదాస్‌ను చికిత్సకు తెచ్చిన వ్యక్తియే పొడిచి చంపగా, ఆ నెలలోనే ఆ రాష్ట్రము తన చట్టమును కఠినతరము చేసినది. ఇంగ్లండులో అత్యవసర సేవకులపై దాడికి 2018 చట్టము ఒక యేడు శిక్ష పెట్టగా 2022లో దానిని రెండేండ్లు చేసినారు. ప్రతిచోట మొదట ఒక శవము, పిదప ఒక సంఖ్య. సంఖ్యను పెంచుట శాసనకర్తలకు అన్నిటికంటె సులభమైన పని. దానికి ఖర్చు లేదు, ఉద్యోగులను నియమించనక్కరలేదు.

వైద్యునికి వేరు చట్టము, కండక్టరుకు లేదు, లైన్‌మనుకు లేదు, అడవిలో రాత్రి టార్చి పట్టుకొని ఏనుగుల వెంట తిరుగు ట్రాకరుకు లేదు. గట్టిగా కేకవేయగల వృత్తికి కవచము, వేయలేని వృత్తికి ఓదార్పు. దూతలలో అట్టడుగువాడు కూడ అవధ్యుడన్న న్యాయము ఇక్కడ తలక్రిందులైనది.

ఇంకను విచిత్రమైనది ఒకటి గలదు. ఉద్యోగిని ప్రాసిక్యూటు చేయుటకు ప్రభుత్వపు ముందస్తు అనుమతి కావలెనను నియమము మన ప్రక్రియా శాసనమున మొదటి నుండి ఉన్నది; ఇప్పుడది భారతీయ నాగరిక సురక్షా సంహిత 218వ సెక్షను. ఆ రక్షణ ప్రభుత్వపు అనుమతి లేక పదవి నుండి తొలగింపబడరానివారికే వర్తించును. అనగా పెద్దలకు. క్రింది అధికారి చేతనే తొలగింపబడగల చిరుద్యోగికి అది లేదు. నిసృష్టార్థునికి శాసనపు కవచము, శాసనహరునికి బురదమడి.

మరి లోపమెక్కడ? నా అభిప్రాయమున, ఫిర్యాదు భారమును దెబ్బతిన్నవాని భుజముపైననే ఉంచుటలో. మన పొలములో పడిన ఆ ఉద్యోగినే తలచుకొనుడు. ఆయన ప్రతిదినము ఆ ఊరికి పోవలెను. ఫిర్యాదు చేసినచో ఊరు పగపట్టును. చేయనిచో తోటివారు పిరికివాడందురు. పైయధికారి "చూసుకో, సర్దుకో" అనును. పంచాయితీలో పెద్దమనుషులు చేతులు కలిపింతురు. 132వ సెక్షను క్రింది నేరము శాసనరీత్యా రాజీకి తగినది కాదు. కాని కేసు నమోదైన పిదప కదా ఆ మాట! రాజీ అంతకు ముందే జరిగిపోవును. న్యాయస్థానమునకు చేరినవాని గతి వేరు. 2015 నవంబరు 17న చిత్తూరు నగరపాలక కార్యాలయములోనే మేయరు కటారి అనురాధ హత్య జరిగినది. ఆమె భర్త కూడ ఆ దాడిలోనే ప్రాణములు కోల్పోయినారు. ఆమె ఉద్యోగిని కాదు, ప్రజాప్రతినిధి. అయినను స్థలము ప్రభుత్వ కార్యాలయమే. ఐదుగురికి మరణశిక్ష విధించుచు తీర్పు వచ్చినది 2025 అక్టోబరులో. అంత ప్రసిద్ధమైన కేసునకే పదేండ్లు పట్టగా, ఒక కండక్టరు చెంపదెబ్బను ఎవరు లెక్కింతురు?

2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్.జి.కర్ ఆసుపత్రిలో యువవైద్యురాలిపై జరిగిన ఘోరము తరువాత కేంద్ర ఆరోగ్యశాఖ ఒక చిన్న ఉత్తరువు ఇచ్చినది: విధిలో ఉన్న ఆరోగ్య సిబ్బందిపై హింస జరిగినచో ఆరు గంటలలోపల ఆ సంస్థాధిపతియే ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయించవలెను. ఆ కాలపు కోలాహలములో ఈ మాట ఎవరికిని అంతగా వినబడలేదు. శిక్షలు పెంచు పది సవరణలకంటె ఇది విలువైనదని నేను భావించుచున్నాను. భీష్ముడు మంత్రులను కూడ లెక్కలోనికి తెచ్చిన న్యాయమే ఇది. ఇదే విధిని అన్ని శాఖలకు శాసనముగా చేయవలెను. ఫిర్యాదు చేయనిచో సంస్థాధిపతి జవాబు చెప్పవలెను. ఉద్యోగి యనగా నెల జీతపు పర్మనెంటు ఉద్యోగి అని కాక కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగు సిబ్బంది, ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు, దినకూలి ట్రాకర్లు అందరు అని స్పష్టముగా వ్రాయవలెను. దావా ఖర్చు, చికిత్స ఖర్చు, ఆ దినముల వేతనము సంస్థవే కావలెను.

అయితే అదే శాసనములో, వేరొక పుస్తకములో కాదు అదే పుస్తకములో, పౌరుని పక్షము కూడ ఉండితీరవలెను. ప్రభుత్వోద్యోగిని అడ్డగించినాడను ఆరోపణ ఎంత తేలికగా వాడబడునో పల్లెలలో తెలియనివారు లేరు. వీడియో తీసినవానిపై, సమాచారము అడిగినవానిపై, "ఎందుకు సార్ ఇంత ఆలస్యం" అని గొంతు పెంచినవానిపై కూడ ఆ కేసు వచ్చి పడగలదు. నీటిలో తిరుగు చేప నీరు త్రాగుట కనబడనట్లే ఉద్యోగులు ధనము హరించుట కనబడదని కౌటిల్యుడు చెప్పినాడు. ఆయనయే వారి అపహరణ మార్గములను నలుబదిగా ఎంచి దండనలు విధించినాడు. దూతకు అభయమిచ్చిన గ్రంథమే ఉద్యోగికి అంకుశము కూడ వేసినది. ఒక్క చేతితో రాసిన రెండు నియమములవి. మనము మాత్రము ఉద్యోగ సంఘములు మొదటిదానిని, పౌరసంఘములు రెండవదానిని పట్టుకొని లాగుచున్నాము.

కావున కొత్త శాసనమున మాటకు, చేతకు మధ్య గీత గట్టిగా గీయవలెను. ప్రశ్నించుట, కోపముతో ప్రశ్నించుట, చిత్రీకరించుట దాడి కాదు. చేయి వేయుట, బెదిరించుట, దారి కాయుట దాడి. ఉద్యోగి పెట్టిన తప్పుడు కేసునకు కూడ అదే శాసనమున శిక్ష ఉండవలెను. అర్జీ తిరస్కరింపబడినచో ఆ తిరస్కారము కారణముతో, తేదీతో, నిర్ణయించిన అధికారి పేరుతో వ్రాతలో ఇవ్వవలెను. సేవలకు గడువు విధించు చట్టమును 2010లో మధ్యప్రదేశము మొదట చేసినది. పిదప పలు రాష్ట్రములు అనుసరించినవి. గడువు మీరినందుకు జరిమానా ఎవరికి పడుచున్నదో చూచినచో చాలచోట్ల మరల ఆ శాసనహరునికే. నిర్ణయించినవాని పేరు కాగితముపై ఉండినచో కోపము సగము దారిలోనే తన నిజమైన చిరునామాను వెదకికొనును. విభీషణుడు కోరినది అంతకంటె ఎక్కువ కాదు: పంపినవారి వైపునకు చూడుమని.

క్రోధమును వినికిడితో, లోభమును దండముతో ఎదుర్కొనవలసి ఉండగా, మన శాసనములు రెండింటికి ఒకే సంఖ్యను చూపుచున్నవి. ఏనుగు త్రొక్కిన వరి ముందు నిలిచిన యువకుడు, ఎర్రచందనపు లారీ నడుపువాడు ఒకే సెక్షను క్రింద నిలుతురు. న్యాయమూర్తికి శిక్ష నిర్ణయించుటలో విచక్షణ గలదు, నిజమే. కాని అక్కడివరకు చేరు దారిలో పోలీసునకు, సంస్థాధిపతికి, పౌరునికి ఆ భేదమును చూపు మార్గము లేదు. మొదటి తప్పు చేసి, గాయము కలిగించని క్రోధిని క్షమాపణ, సమాజసేవ వంటి దండనకు పంపు వీలు, కూలికి దాడులు చేయించు లోభిని బెయిలు లేక నిలుపు కాఠిన్యము, రెండును కావలెను. సమాజసేవను శిక్షగా కొత్త సంహిత మొట్టమొదట అంగీకరించినది కూడ. దానిని ఈ నేరములకు విస్తరించుటకు అడ్డేమున్నదో నాకు తోచదు.

2025 మే నెలలో కర్ణాటకము నుండి నాలుగు కుంకీ ఏనుగులు మన రాష్ట్రమునకు వచ్చినవి. పలమనేరు దగ్గర ముసలిమడుగున వానికి శిబిరము ఏర్పడినది. అడవి ఏనుగును మరలించుటకు శిక్షణ పొందిన ఏనుగు. మంచిదే. పొలము కొలుచువానికి మాత్రము టేపు తప్ప మరేమియు ఇచ్చినట్లు కనబడదు.

ఆ దినము ఏమి జరిగినదో చెప్పి ముగింతును. ఆ ఉద్యోగి లేచి, చొక్కా దులుపుకొని, బురదలోని పుస్తకమును తానే తీసికొన్నారు. ఎవరిని ఏమియు అనలేదు. ట్రాకరు కుర్రవాడు కోపముతో ఫోను తీయబోగా వలదన్నారు. యువకుని తండ్రి, ఆ రైతు, గట్టుపై నుండి లేచి వచ్చి చేతులు జోడించినాడు. "పిల్లోడు సార్, నిద్ర లేదు వానికి రాత్రంతా." అటుపిమ్మట టేపు మరల పరచినారు. ఈసారి ఒక కొస ఆ యువకుడే పట్టినాడు. నలుబదియొక్క సెంటు వచ్చినది. మూడు సెంట్ల తేడా ఎవరి తప్పో ఎవరును అడుగలేదు. కాగితముపై రైతు వేలిముద్ర వేసి, ఆరుతున్న సిరా వైపు చూచుచు అడిగినాడు.

"ఈ కాగితం యాడికి పోతాది సార్?"

"ఇక్కడినుంచి పలమనేరుకు పోతుంది పెద్దాయనా. ఆ పైన ఎక్కడికి పోతుందో నాకూ తెలియదు."